పట్టము చాలదు, పరిషత్తు కావలెను

ఏటేట వేసవి ముగిసి కళాశాలలు తెఱచు దినములలో మన జిల్లాలందలి మోతుబరుల లోగిళ్లలోను, పట్టణములలోని ఉద్యోగుల యిండ్లలోను ఒకే ప్రశ్న వినవచ్చుచుండును: "మీ అబ్బాయికి ఇంజనీరింగులో సీటు వచ్చినదా?" ఆ సీటు కొఱకు తండ్రి పొలమును తాకట్టు పెట్టుట కలదు, తల్లి నగలు బ్యాంకు చేరుట కలదు. నాలుగేండ్లు గడచి పట్టము చేతికి వచ్చిన నాడు ఇంటిల్లిపాదియు సంతసింతురు. ఉద్యోగము దొరకిన నాడు ఊరంతయు సంతసించును. ఆ పిమ్మట మఱి యే ప్రశ్నయు లేదు. "నాయనా, నీ శాస్త్రమునకు సంబంధించిన యే విద్వత్పరిషత్తులో చేరితివి? నీ లెక్కను అక్కడ ఎవరు చూచిరి? తప్పున్న ఎవరు చెప్పిరి?" అని అడుగు తండ్రులు మనలో ఎందఱు? ఈ ప్రశ్నను అడుగవలసిన కాలము వచ్చినదని మా యభిప్రాయము. ఏలననగా ఆ కుమారుడు కట్టబోవు వంతెనపై నడచువారు, ఆతడు నిలుపబోవు ఆనకట్ట క్రింద సేద్యము చేయువారు మనమే.

మేమిచ్చట ముఖ్యముగా చెప్పదలచినది ఒక్క శాస్త్రమును గూర్చి. కళాశాలలలో ఇంజనీరింగు మెకానిక్సు అను పేర నేర్పబడు దానిని బలశాస్త్రమని పిలుతము. బరువు ఏ మార్గమున దూలమునుండి గోడకును, గోడనుండి పునాదికిని, పునాదినుండి నేలకును దిగుచున్నది? ఏ వస్తువు ఎంత ఒత్తిడికి వంగును, ఎంతకు విఱుగును? నీరు, గాలి, భూకంపము ఒక కట్టడమును ఏ రీతిని త్రోయును, ఏ రీతిని ఊపును? ఇది యంతయు ఆ శాస్త్రపు విషయము. వంతెన కట్టువానికి, విమానము చేయువానికి, ఓడ నిర్మించువానికి, విఱిగిన ఎముకను అతికించు వైద్యునికి సైతము ఇది ఉమ్మడి ఆస్తి.

మన పల్లెలకు ఇది తెలియని వస్తువు కాదు. ఏతమునకు వెనుక బరువు ఎంత కట్టవలెనో రైతు ఎఱుగును. ఏ ఇరుసు ఎన్ని బస్తాలకు ఆగునో బండివాడు ఎఱుగును. దూలమును పడుకోబెట్టినదానికంటె నిలువుగా నుంచినచో బలమెక్కువయని వడ్రంగి ఎఱుగును. ఎఱుగునే గాని, ఎంత యెక్కువయని అడిగినచో చెప్పజాలడు. ఆ "ఎంత" యను దానిని చెప్పుటకే శాస్త్రము పుట్టినది.

దానిని చెప్పుటకు పూనుకొన్నవారిలో అగ్రగణ్యుడు గెలీలియో. 1638లో లైడెను పట్టణమున అచ్చయిన తన తుది మహాగ్రంథములో ఆయన దూలపు బలమును విచారించెను. దూలపు ఎత్తును రెట్టింపు చేసినచో బలము నాలుగు రెట్లగునని ఆయన కనుగొన్న సూత్రము నేటికిని సత్యము. కాని దూలము విఱుగుటకు వలయు బరువును ఆయన లెక్కించిన పద్ధతిలో ఒక పొరపాటు దొర్లినది. ఆ పద్ధతిచే వచ్చు ఫలితము నేటి శాస్త్రము చెప్పుదానికి మూడు రెట్లుండును. ఈ దోషము ఎట్లు తొలగినది? మారియట్, పారాన్, 1773లో కూలుంబ్, 1826లో నావియే అను ఫ్రెంచి పండితులు ఒకరి వెనుక నొకరు దానిని పరిశీలించి, సవరించుచు వచ్చిరి. ఇంచుమించు రెండువందల సంవత్సరములు పట్టినది. అంతటి మేధావి లెక్కకే ఇతరుల కన్ను అవసరమైనప్పుడు, నిన్న పట్టము పుచ్చుకొన్న యువకుని లెక్కకు అది యక్కఱలేదా?

ఆ గ్రంథపు ముఖపత్రముపై గెలీలియో తన పేరు ప్రక్కన "లించేయో" అని వ్రాసికొనెను. 1603లో రోము నగరమున వెలసిన లించేయీ విద్వత్సభలో 1611లో ఆయన సభ్యుడాయెను. ఆ సభ ఆయన గ్రంథములను అచ్చొత్తించెను. ఆ పేరు ఆయనకు బిరుదమే గాక అండయు నాయెను.

ఇంజనీర్లు తమకై తాము పరిషత్తులు కట్టుకొనుట తరువాతి కథ. 1818లో లండనులో కొందఱు యువకులు ఒక కాఫీ హోటలులో కూడి సివిలు ఇంజనీర్ల సంస్థను స్థాపించిరి. 1820లో ప్రఖ్యాతుడైన తెల్ఫోర్డును అధ్యక్షునిగా తెచ్చుకొనిరి. 1828లో దానికి రాజశాసనము లభించినది. పాఠకులు ఇందొక విశేషమును గమనింపవలెను. ఆ సంస్థను నెలకొల్పినవారు పదవీవిరమణ చేసిన పెద్దలు కారు. ఇంకను పని నేర్చుకొనుచున్న పడుచువారు. నేర్చుకొనవలసినది మిక్కుటముగా నున్నదని తెలిసినవారే పరిషత్తును కోరిరి. మనవారు దీనికి విపర్యయముగా, అన్నియు ముగిసిన పిమ్మట కాలక్షేపమునకు చేరవలసిన సంఘముగా దానిని భావించుచున్నారు.

పరిషత్తువలన ప్రజలకేమి లాభమని అడుగువారికి రెండు ఉదాహరణములు చెప్పుదుము. మొదటిది నీటిని గూర్చినది. రెండవది గాలిని గూర్చినది.

ఫ్రాన్సులో ఎపినాల్ పట్టణమునకు చేరువను బూజే యను చోట రాతి ఆనకట్ట యొకటి యుండెను. 1895 ఏప్రిలు 27న అది తెగి ఎనుబదిమందికి పైగా మరణించిరి. ఇట్టి కట్ట తన బరువుచేతనే నీటిని నిలుపును. నీరు దానిని ప్రక్కకు త్రోయును. ఈ రెండింటిని లెక్కించినవారు, నీరు రాతి సందులలోనికిని పునాది క్రిందికిని చొచ్చి కట్టను పైకి ఎత్తుననుటను తగినంతగా లెక్కింపరైరి. ఆ సంవత్సరముననే మారిస్ లెవీ యను ఇంజనీరు పారిసులోని శాస్త్ర పరిషత్తు ముందు ఈ విషయమును పెట్టి, కట్టకు నీటివైపు ముఖమున రాతిపై నుండు ఒత్తిడి ఆ లోతున నీటికుండు ఒత్తిడికి తక్కువ కారాదని యొక నియమమును ప్రతిపాదించెను. ఆ చర్చ దేశదేశములకు ప్రాకినది. పైకెత్తు ఒత్తిడిని లెక్కలో చేర్చుట క్రమముగా ఎల్లెడల ఆచారమైనది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, సుమారు 124 మీటర్ల ఎత్తున కృష్ణకు అడ్డముగా నిలిచిన మన నాగార్జునసాగరపు రాతికట్టను తలచుకొనుడు. దాని క్రింద నిశ్చింతగా నిదురించు లక్షలాది జనము బూజేలో చనిపోయినవారికిని, ఆ చావులను వృథా పోనీయని పరిషత్తునకును ఋణపడి యున్నారనుట అతిశయోక్తి గాదు.

రెండవది అమెరికాలోని టకోమా వంతెన. 2800 అడుగుల నడిమి అంగతో తీగలపై వ్రేలాడు ఆ వంతెన 1940 జూలై 1న తెఱవబడి, నవంబరు 7న కూలిపోయినది. ఆనాడు వీచిన గాలి గంటకు సుమారు 42 మైళ్ల వేగము గలది. అంతకంటె ఎంతయో బలమైన గాలికి నిలుచునట్లు దానిని లెక్కకట్టి యుండిరి. లెక్క కట్టిన మొయిసీఫ్ అనామకుడు కాడు. తీగల వంతెనల విషయమున అమెరికాలో పేరుమోసిన పండితుడు. మఱి లోపమెక్కడ? గాలి వంతెనను ప్రక్కకు ఎంత త్రోయునో ఆయన లెక్కించెను. కాని గాలియు వంతెనయు ఒండొంటిని ప్రేరేపించుకొని ఊగుట, మెలిదిరుగుట, ఆ ఊపు క్షణక్షణమును పెరుగుట ఆ లెక్కలో లేదు. చిత్రమేమనగా, అట్టి ఊపును విమానముల రెక్కలలో చూచి, దానిని గూర్చి వ్రాయుచున్నవారు ఆ కాలముననే కలరు. విమానశాస్త్రజ్ఞులు ఒక గదిలోను, వంతెనల ఇంజనీర్లు వేఱొక గదిలోను కూర్చుండిరి. నడుమ గోడ యుండెను. వంతెన కూలిన పిమ్మట విచారణ సంఘములో విమానశాస్త్ర పండితుడైన ఫాన్ కార్మాను చేర్చబడెను. అప్పటినుండి గొప్ప తీగల వంతెనలను కట్టుటకు ముందు, వాని నమూనాలను గాలిసొరంగములలో పరీక్షించుట పరిపాటియైనది. గోడ కూలుటకు ముందుగా వంతెన కూలవలసి వచ్చినది!

ఈ గోడను తొలగించుటయే బలశాస్త్ర పరిషత్తుల ముఖ్యప్రయోజనము. సివిలువారి సంఘమున సివిలువారుందురు. విమానమువారి సంఘమున విమానమువారుందురు. బలశాస్త్ర పరిషత్తులో వీరందఱును, వీరితోపాటు గణితజ్ఞులును ఒకే బల్లపై కూర్చుందురు. ఒకరి చిక్కునకు వేఱొకరి పెట్టెలో తాళపుచెవి దొరకును. అమెరికా సివిలు ఇంజనీర్ల సంఘము 1852లో పుట్టినదైనను, అందు బలశాస్త్రమునకు ప్రత్యేక శాఖ 1950లో ఏర్పడినది. అదియే 2007లో ఇంజనీరింగు మెకానిక్సు ఇన్‌స్టిట్యూటుగా రూపొందినది. ఏటేట మహాసభ జరుపుట, పత్రిక నడపుట, పండితులను సత్కరించుట దాని పనులు.

దేశముల నడుమ గోడలను గూడ ఈ శాస్త్రము కొంత కూల్చినది. మొదటి ప్రపంచయుద్ధము ముగిసి నాలుగేండ్లయినను ఐరోపా పండితులు ఒకరి మొగము నొకరు చూడకుండిన దినములవి. 1922లో ఇన్స్‌బ్రుక్ నగరమున ఫాన్ కార్మాను, ఇటలీ దేశపు లెవీ చివితా మొదలగువారు ఒక సభను కూర్చిరి. జయించిన దేశముల పండితులు పెక్కురు దానికి రారైరి. అయినను వారు నిరాశ చెందలేదు. 1924లో డెల్ఫ్టు నగరమున ప్రథమ అంతర్జాతీయ మహాసభ జరిగినపుడు జర్మనులును ఆంగ్లేయులును ఒకే సభలో కూర్చుండి చర్చించిరి. రెండవ యుద్ధము ముగిసిన మఱుసటియేడు, 1946లో పారిసు మహాసభయందు అంతర్జాతీయ సమాఖ్య స్థాపితమైనది. మన దేశమును అందు భాగస్వామి.

ఇక మన దేశపు పరిషత్తు మాట. వంగదేశమున ఖరగపురము చెంత హిజ్లీ యను చోట పరప్రభుత్వము 1930లో ఒక నిర్బంధ శిబిరమును పెట్టినది. విచారణ లేకయే దేశభక్తులను అందు బంధించిరి. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఆ బందీలపై పోలీసులు కాల్పులు జరుపగా సంతోషకుమార మిత్ర, తారకేశ్వర సేనగుప్త అను ఇరువురు యువకులు అసువులు బాసిరి. స్వాతంత్ర్యానంతరము ఆ చెఱసాల భవనములోనే మన ప్రథమ సాంకేతిక విద్యాసంస్థ వెలసి, 1951 ఆగస్టులో ప్రారంభోత్సవము జరుపుకొన్నది. ఆ ఖరగపురముననే 1955లో, గణితాచార్యుడైన భోజరాజ సేఠ్ గారి పూనికతో భారత సైద్ధాంతిక అనువర్తిత బలశాస్త్ర పరిషత్తు పుట్టినది. నాగార్జునసాగరమునకు రాయి పడిన సంవత్సరముననే ఈ పరిషత్తునకును పునాది పడినది. ఒక చోట రాయి, ఒక చోట విద్య. రెండును ఒకే జాతినిర్మాణమునకు చెందినవి. బందీల సంకెళ్లు మ్రోగిన నేలపై విద్వాంసులు స్వేచ్ఛగా వాదించుకొను సభ పుట్టుటకంటె స్వరాజ్యమునకు మంచి గుర్తు ఏమి కావలెను?

మన తెలుగువారికి ఈ విద్యలో చేతగాదను మాట ఎవ్వరును అనజాలరు. 1945లో గుడివాడలో జన్మించి, కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో చదివిన అట్లూరి సత్యనాథము గారు ఈ శాస్త్రమున ప్రపంచఖ్యాతి గడించి, 2013లో పద్మభూషణులైరి. ఆ 1945లోనే ఓరుగల్లు ప్రాంతమున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివిన జె. ఎన్. రెడ్డి గారికి 2018లో అమెరికా సివిలు ఇంజనీర్ల బలశాస్త్ర సంస్థ ఫాన్ కార్మాను పతకమును, 2019లో అచ్చటి మెకానికలు ఇంజనీర్ల సంఘము తిమోషెంకో పతకమును ఇచ్చి గౌరవించినవి. వీరి కీర్తికి మనము సంతసింతుము, సభలు చేయుదుము. కాని వీరు పెరిగినది పరిషత్తుల గాలిలోనని, అట్టి గాలి మన కాకినాడకును ఓరుగల్లునకును వీచునట్లు చేయుట మన పనియని తలంపము.

పరిషత్తులో చేరుటకు మనవారు చెప్పు ఆక్షేపణలు మేమెఱుగుదుము. "దానివలన జీతము పెరుగునా?" అని యొకరు. వెంటనే పెరుగదు. పొలమునకు ఎరువు వేసిన మఱునాడే పంటను అడుగు రైతు లేడు గదా! "చందా దండుగ" యని మఱియొకరు. పెండ్లిపందిరి దీపములకు లక్షలు వెచ్చించు ఇంటిలో ఈ మాట వినుటకు మాకు సిగ్గగుచున్నది. "పేరు ప్రక్క నాలుగక్షరములకై ప్రాకులాట" యని వేఱొకరు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. పదవులకై కుమ్ములాడుట, ఒకరి కొకరు శాలువలు కప్పుకొనుట, వ్యాసము చదువకయే ప్రశంసించుట పరిషత్తులలోను ప్రవేశించుచున్న జాడ్యములే. కాని గుడిలో దొంగ దూరెనని దేవుని విడుచుట ఉచితమా? విద్యయందు శ్రద్ధ గలవారు బయట నుండుటచేతనే శాలువలవారికి లోపల చోటు దొరకుచున్నది.

ఈ యుపేక్షకు వెల చెల్లించునది ప్రజ. 2022 అక్టోబరు 30న గుజరాతులోని మోర్బీలో తీగల వంతెన తెగి నూటముప్పదిమందికి పైగా నదిలో మడిసిరి. 2023 అక్టోబరులో మన గోదావరిపై మేడిగడ్డ బ్యారేజిలో కొన్ని స్తంభములు క్రుంగినవి. వీనియందు నేరము ఎవరిదని తేల్చుట న్యాయస్థానములకును విచారణ సంఘములకును చెందిన పని; అందు మేము జొరబడము. కాని మేడిగడ్డ విషయమున మన యూళ్లలో జరిగిన చర్చను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. రచ్చబండపై, రైలుబండిలో, శాసనసభలో అందఱును ఆ పక్షమా ఈ పక్షమా అని వాదులాడిరి. పునాది క్రింద ఇసుక ఎట్లు కదలును, నీరు ఎట్లు దారి చేసికొనును అను ప్రశ్నలను ఏ పక్షమునకును చెందని గొంతుతో, సామాన్యునకు తెలియు తెలుగులో విప్పిచెప్పువారు కావలసియుండిరి. ఒంటరియైన ఇంజనీరు ఉద్యోగభయముచే నోరు విప్పలేడు. వేయిమంది సభ్యులు గల పరిషత్తు విప్పగలదు. సభ్యులు లేని పరిషత్తునకు గొంతు ఉండదు.

పెద్ద కట్టడముల మాట యటుండ, మన పట్టణములనే చూడుడు. ఒక అంతస్తునకు వేసిన పునాదిపై మూడంతస్తులు లేపుచున్నారు. ఇనుపకడ్డీ ఎంత వేయవలెనో మేస్త్రీ నోటిమాటతో తేలిపోవుచున్నది. ఇంజనీరు సంతకము అనుమతి కాగితమునకే గాని కట్టడమునకు కాకున్నది. ఇల్లు కట్టించుకొనువారు పాఠకులే. "ఈ లెక్కను వేఱొకరు చూచిరా?" అని మీరు అడుగనంత కాలము ఎవ్వరును చూడరు.

కావున మా సలహా యిది. యువకులు విద్యార్థిదశయందే తమకు తగిన పరిషత్తును వెదకి చేరవలెను. బలశాస్త్రమున అభిరుచి గలవారు జాతీయ పరిషత్తును ఆశ్రయింపవచ్చును. విదేశముల పరిషత్తులలో పెక్కింటికి విద్యార్థులకు తగ్గింపు చందా కలదు. చేరి ఊరకుండిన ప్రయోజనము లేదు. పత్రికను చదువవలెను. ఏటి మహాసభకు ఒక్కసారియైన పోవలెను. తమ ఊరి చెఱువుకట్ట ఏల గండిపడుచున్నదో, తమ వీథి మురుగుకాలువపై పలక ఏల పగులుచున్నదో కొలిచి, లెక్కించి, చిన్న వ్యాసముగా వ్రాసి పెద్దల ముందు పెట్టవలెను. వారు తప్పు పట్టినచో చిన్నబోరాదు. గెలీలియోకు తప్పని తప్పు మనకు మాత్రము తప్పునా? జిల్లా కేంద్రములలో పది పదునైదుమంది కలిసి నెలకొకసారి కూడి, ఒక్కొక్క వ్యాసమును తెలుగులో చర్చించుకొన్నను గొప్ప మేలగును.

భూస్వాములును వర్తకులును చేయదగినది మఱియొకటి కలదు. వెనుక మన పెద్దలు వేదపాఠశాలలకు మాన్యములిచ్చిరి. గ్రంథాలయములకు ఇండ్లు కట్టించిరి. నేడు తమ జిల్లా ఇంజనీరింగు కళాశాలలో పదిమంది పేదవిద్యార్థుల సభ్యత్వపు చందాను, మహాసభకు పోయి వచ్చు రైలుఖర్చును భరించినచో అది యంతటి పుణ్యకార్యమే. దానికి శిలాఫలకము అక్కఱలేదు. ఆ కుఱ్ఱలు కట్టిన వంతెనలు నిలిచియుండుటయే దాని ఫలకము.

పట్టము విద్యకు ఆరంభమని చెప్పునది. లెక్క సరియైనదని చెప్పునది తోటివారి పరీక్ష. గాలియు నీరును మన పట్టములను చదువవు, సిఫారసులను లెక్కచేయవు. వానితో వ్యవహరింపబూనిన మన యువకుడు ఒంటరిగా నుండరాదు. పాఠక మహాశయులు తమ యింటనున్న ఇంజనీరును నేడే పిలిచి, మేము మొదట చెప్పిన ప్రశ్నను అడిగి చూతురుగాక.